ఉప్పు బావి పక్కన కాపురం

కొమురవ్వ రాస్ అల్ ఖైమాలో కారు దిగిన పొద్దున ఆమెకేమీ కనబడలేదు. 2022 జనవరి అది. ఏడు దాటినా పొగమంచు నేలను విడవలేదు. ఎదురొచ్చిన మనిషి తన మొగుడు హన్మంతేనని దగ్గును బట్టి పోల్చుకుంది.

"గిదేం దేశమయ్యా, మొగులు కిందనే పండుకున్నది!"

"ఎండెక్కితే లేస్తది తియ్," అంటూ హన్మంతు ఆమె చేతిలోని సంచి అందుకున్నాడు.

వాళ్ల పెండ్లయి ఇరవై రెండేళ్లు. మూడో ఏడే హన్మంతు జగిత్యాల పక్క పల్లె విడిచి దుబాయ్ వచ్చాడు. మొదట రాళ్ల క్వారీలో చేశాడు, తర్వాత ఈ మజ్రాకు మారాడు. మజ్రా అంటే ఖర్జూర తోట, నలభై మేకలు, ఒక బావి, బావి పక్కన రేకుల గది. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. ఈ పంతొమ్మిదేళ్లలో మొగుడూ పెళ్లాం ఒక్క కప్పు కింద ఉన్నది అంతా కలిపి పద్దెనిమిది నెలలు. ఒక్కగానొక్క బిడ్డ సౌజన్య నర్సింగ్ చదువుకని కరీంనగర్ హాస్టల్లో చేరాక ఇంట్లో కొమురవ్వ ఒక్కతే మిగిలింది. ఆ మాట విని కఫీల్, అంటే వీసా ఇచ్చిన తోట యజమాని ముసబ్బహ్, ఆమెకూ వంటపని వీసా తీశాడు. డెబ్బై దాటిన మనిషి. తండ్రి నాటిన తోట అని తప్ప ఆ నేల మీద అతనికి వేరే ఆశ లేదు.

బావి ఉప్పెక్కి చాలా ఏళ్లయింది. మూడు వందల ఖర్జూరాల్లో డెబ్బై మిగిలాయి. మిగతావి తలలు లేని మోడులై, మంచు పలచబడుతుంటే ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. కొమురవ్వ వాటి మధ్య నడుస్తూ ఒక ముళ్ల చెట్టు దగ్గర ఆగింది. రాలిన కాయ ఒకటి తీసి కొరికింది.

"అయ్యో, గిది రేగి చెట్టే గదా!"

"ఈళ్లు సిద్ర్ అంటరు."

"ఏమన్న అననీ, రేగే," అంది. ఆ రోజు ఆమె నవ్వింది అప్పుడే.

మొదటి నెల కష్టంగా గడిచింది. ఒకరికొకరు కొత్తవాళ్లలా ఉండేవాళ్లు. హన్మంతుకు రేడియో మోగుతుంటేనే నిద్ర, ఆమెకు చీమ నడిచినా మెలకువ. అతను ఒక్కడే తిని తిని నిలబడి తినడం అలవాటు చేసుకున్నాడు. ఆమె కంచం ముందు కూర్చోబెడితే మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని చుట్టంలా ఇబ్బంది పడేవాడు. ఒకనాడు రెండు రాళ్లు, ఒక పలక తెచ్చి గడప బయట అరుగులాంటిది కట్టాడు. "ఈడ కూసుంట," అన్నాడు. ఆ పొద్దు నుంచి ఇద్దరూ అక్కడే తినేవాళ్లు. ఎదురుగా కొండలు నీలంగా, తడి బట్టలా వేలాడుతూ ఉండేవి.

ఆమె కొంగున కట్టి తెచ్చిన విత్తనాల్లో పుంటికూర, బీర, జొన్న ఉన్నాయి. పుంటికూర చల్లి బావి నీళ్లు పెడితే మొలక లేచి, నాలుగో రోజుకు కొసలు మాడిపోయాయి. పక్క మజ్రాలో పనిచేసే ఇనాయతుల్లా అనే పెషావరీ పెద్దాయన వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఖలాస్, బెహన్. యే జమీన్ ఖలాస్."

కొమురవ్వకు సగమే అర్థమైంది. ఖలాస్ అంటే పని అయిపోయిందని మాత్రం తెలుసు.

మర్నాడు పొద్దున ఆమె గదిలో పడుకొని ఏదో చప్పుడు వింది. బయటికొచ్చి చూస్తే, మంచుకు తడిసిన రేకుల అంచు నుంచి చుక్కలు పడుతున్నాయి. వేలితో అందుకొని నాలుక మీద వేసుకుంది. ఉప్పు లేదు. తీపి అనలేం గానీ, ఏ రుచీ లేని ఆ నీటి చుక్క ఆమెకు తన ఊరి వాన రుచిలా తోచింది.

ఇక రోజూ సాయంత్రం ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ రేకుల అంచున వరుసగా పెట్టేది. మంచు పట్టిన పొద్దున అర బకెట్ నీళ్లు దొరికేవి, లేనిరోజు ఏమీ ఉండేవి కావు. హన్మంతు పాత రేకులు ఇంకో నాలుగు ఏరుకొచ్చి వాలుగా నిలబెట్టాడు. గ్లాసుతో ఒక్కో మొక్క మొదట్లో పోసేది. మార్చికల్లా రెండు మళ్ల పుంటికూర ఎదిగింది.

శుక్రవారం ముసబ్బహ్ వచ్చినప్పుడు పప్పులో వేసి పెట్టింది. పులుపుకు ముసలాయన కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఇంకో ముద్ద తీసుకున్నాడు.

"ఇస్ము షిను?"

"పేరడుగుతున్నడు," అన్నాడు హన్మంతు.

"పుంటికూర."

"బున్టీ కూరా," అన్నాడు ముసబ్బహ్. అది తన మనవరాలి పేరైనంత ముద్దుగా.

ఎండాకాలం మాత్రం అన్నిటినీ మాడ్చింది. జూలైలో ఒక మధ్యాహ్నం కొమురవ్వ నేల మీద వెల్లకిలా పడుకొని చాలాసేపు ఏడ్చింది. హన్మంతు పక్కన కూర్చున్నాడు.

"పోతవా ఇంటికి? పంపిస్త."

"ఆడ ఎవలున్నరు?" అంది. కాసేపటికి, "రేడియో పెట్టు," అంది. అలా రెండేళ్లు గడిచాయి. గిన్నెల వరుస పెరిగింది, రెండు మళ్లు ఐదయ్యాయి.

2024 ఏప్రిల్‌లో వాన వచ్చింది. పగలే చీకటి పడి, కొండల నుంచి వాగు విరుచుకుపడింది. ఇద్దరూ మేకలను సిమెంటు నీళ్ల ట్యాంకు వెడల్పాటి కప్పు మీదికి తోలి, వాటి మధ్యే నానుతూ కూర్చున్నారు. కింద మళ్లూ గిన్నెలూ రేకులూ కొట్టుకుపోయాయి. కొమురవ్వ ఏడవలేదు. ఎర్రటి నీరు ఖర్జూరాల మొదళ్లను చుట్టి పోతుంటే కలలో ఉన్నదానిలా చూస్తూ, "ఎంత నీళ్లయ్యా, ఎంత నీళ్లు," అంటూనే ఉంది.

నీరు తీశాక పొలమంతా జానెడు మందాన మెత్తటి ఒండ్రు మిగిలింది. వారం తర్వాత హన్మంతు బావి నీళ్లు తోడి చెంబుతో తెచ్చిచ్చాడు. ఆమె తాగింది. మళ్లీ తాగింది. "ఉప్పు తగ్గింది," అంది. కొండల్లో ఇంకిన వాన బావికి చేరిందని, ఇది మూడేళ్లో నాలుగేళ్లో ఉంటుందని, మళ్లీ ఉప్పెక్కుతుందని ఇనాయతుల్లా చెప్పాడు. "అన్ని రోజులు సాలు," అంది కొమురవ్వ. నవంబరులో జొన్న చల్లింది. జనవరికి అది ఆమె తల దాటింది. పొద్దున మంచులో ఆమె చేనులోకి వెళితే ఆకుల గలగల మాత్రమే వినిపించేది, మనిషి కనబడేది కాదు.

ఫిబ్రవరిలో హన్మంతుకు సెలవొచ్చింది. పెండ్లయిన ఇరవై ఐదేళ్లలో మొదటిసారి ఇద్దరూ కలిసి విమానమెక్కారు. హైదరాబాదులో ఆస్పత్రి ఉద్యోగంలో చేరిన సౌజన్య దగ్గర వారం ఉన్నారు. ఊళ్లో తాళం తీసి ఇల్లు ఊడ్చుకొని ఇంకో వారం ఉన్నారు. పదిహేనో రోజున కొమురవ్వే కదిలించింది.

"జొన్న గింజ పట్టి ఉంటది."

"నేనే అందామనుకున్న," అన్నాడు హన్మంతు.

ఫోన్లో విని బిడ్డ నవ్వి టికెట్ల తేదీ ముందుకు మార్పించింది.

వాళ్లు వచ్చేసరికి, చేనుకు కాపలా ఉన్న ఇనాయతుల్లా గట్టు మీద కూర్చొని రేకు డబ్బా వాయిస్తున్నాడు. పిట్టలు అప్పటికే సగం కంకులు ఒలిచేశాయి. పెద్దాయన తప్పు తనదైనట్టు తల దించుకున్నాడు.

కొమురవ్వ ఒక కంకి విరిచి అరచేతిలో నలిపి, పొట్టు ఊది, తెల్లటి గింజలు అతని చేతిలో పోసింది.

"పిట్టలను తిననీ అన్నా. సగమన్న ఉంచినయ్. రేపు రొట్టె చేస్త, రా."