ద్రాక్షరసమని చెప్పాను

ఆ నవ్వును నేను మరిచిపోలేదు. మరిచిపొమ్మని మా ఆవిడ చాలాసార్లు చెప్పింది. నవ్వినవాళ్ళకు మరిచిపోవడం సులువు.

మా పెళ్ళయిన రెండో ఏడు ఆమె కంపెనీ వాళ్ళు ఒక హోటల్లో విందు ఇచ్చారు. మాదాపూర్‌లో నెలకో అద్దాల మేడ లేస్తున్న రోజులవి. ఉద్యోగులంతా భార్యలతో, భర్తలతో రావాలన్నారు. నేను మెట్టుగూడలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. ఆమె మేనేజరు నా చేతికి ఎర్రటి వైన్ గ్లాసిచ్చి ఎలా ఉందని అడిగాడు. పుల్లగా, వగరుగా ఉంది. ఉన్నమాటే చెప్పాను, కాస్త పంచదార పడితే బాగుండేదన్నాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు.

"సార్‌కి జ్యూస్ తెప్పించండి" అన్నాడు మేనేజరు.

నిజంగానే తెప్పించారు. మామిడి రసం, అందులో మెడ వంగే స్ట్రా. నవ్వినవాళ్ళలో మా ఆవిడ కూడా ఉంది. నేను వదిలేసిన గ్లాసు ఆమే తాగింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగితే, అందరూ నవ్వుతుంటే నవ్వానంది. అదే నా బాధ. అందరిలో ఆమె ఒకతె కాకూడదు కదా.

తర్వాత మూడేళ్ళు గడిచాయి. మాకు పిల్లలు లేరు. ఆ మాట మేం మాట్లాడుకోవడం మానేశాం. తర్వాత మిగతా మాటలూ ఒక్కొక్కటిగా మానేశాం. నేను పొద్దున తొమ్మిదికి ఆఫీసుకు పోతే, ఆమె మధ్యాహ్నం క్యాబెక్కేది. ఫ్రిజ్ తలుపు మీద చీటీలు రాసుకునేవాళ్ళం. పాలు విరిగాయి. గ్యాస్ వాడు రాలేదు. అలాంటివి.

ఒక మంగళవారం ఆమెకు సెలవు. అన్నాలు తింటుండగా చెప్పింది. పూణేలో కొత్త ఆఫీసు తెరుస్తున్నారట. ఆమెను ఆ ఆఫీసుకు పెద్దగా ఉండటానికి రమ్మన్నారట. వచ్చే సోమవారంలోగా జవాబు చెప్పాలి. నా ఉద్యోగం నన్ను కదలనివ్వదని ఆమెకు తెలుసు. నువ్వేమంటావని అడిగింది. నీ ఇష్టమన్నాను. మా విజయనగరం వైపు ఇంట్లో మగవాడు నీ ఇష్టమన్నాడంటే ఒప్పుకోలేదనే. వాళ్ళ నాన్నగారిదీ ఆ పక్క శ్రీకాకుళమే. ఆమెకు తెలియదనుకోను.

ఉండిపో అని చెప్పాలని నాకుంది. పప్పు చెయ్యి కడుక్కుంటూ చెప్పే మాట కాదది. అంతకు ముందు ఆదివారం పేపర్లో ఒక వ్యాసం చదివాను. భార్యాభర్తలు ఒక సాయంత్రం ఇంట్లోనే కూర్చుని తియ్యటి వైన్, రకరకాల చాక్లెట్లు రుచి చూడటం గురించి. పాల చాక్లెట్‌తో మొదలుపెట్టి చేదు చాక్లెట్ దాకా వెళ్ళాలట. వైన్ ఎప్పుడూ చాక్లెట్ కన్నా తియ్యగా ఉండాలట, లేకపోతే నోట్లో పులుపే మిగులుతుందట. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. తియ్యటి వైన్ అనేది ఉంది. నేనా రోజు తప్పేమీ అనలేదు. ఆ కాగితం కత్తిరించి జేబులో పెట్టుకున్నాను. ఆమె చేతికి ఆ గ్లాసిచ్చి, రుచి చూశాక ఉండిపొమ్మని చెబుదామనుకున్నాను.

కార్ఖానా బస్తీలో ఒక మందు దుకాణానికి వెళ్ళాను. తియ్యటి వైన్ కావాలంటే కౌంటర్ మీద కూర్చున్నవాడు నన్ను కిందికీ పైకీ చూశాడు.

"ఏందన్నా, మందు తియ్యగ గావాల్నా? షర్బత్ తాగరాదు మరి."

పక్కనున్న ఇద్దరూ నవ్వారు. వాళ్ళ ముఖాలు కూడా గుర్తున్నాయి. ఎంతో వెతికి దుమ్ము పట్టిన సీసా ఒకటి తీశాడు, తుడవకుండానే పేపర్లో చుట్టి ఇచ్చాడు. జనరల్ బజార్‌లో కాడ ఉన్న గాజు గ్లాసులు రెండు కొన్నాను. చాక్లెట్లు మూడు రకాలు తెచ్చి ఫ్రిజ్‌లో దోసెల పిండి పక్కన పెట్టాను. అది నా తెలివితక్కువ. మర్నాటికి వాటికి పులిసిన వాసన పట్టింది.

అంతకన్నా పెద్ద తెలివితక్కువ పని ఇంకొకటి చేశాను. మేముండేది పద్మారావు నగర్‌లో, ఓనర్లు కింద, మేం పైన. ఇల్లిచ్చేటప్పుడే మాంసం, మందు గడప దాటకూడదన్నారు. ఒకసారి మా తమ్ముడు వచ్చి రెండు రాత్రులుంటే, ముందుగా చెప్పలేదని ఓనరు మెట్ల మీద అందరూ వినేలా అడిగాడు. ఇక వాళ్ళచేత మాట పడకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. అందుకని శుక్రవారం పొద్దున కిందికి వెళ్ళి, రేపు సాయంత్రం ఇంట్లో చిన్న కార్యక్రమం ఉందని, మేమిద్దరమేనని, ఇబ్బంది లేదు కదా అని అడిగాను. మందు సంగతి చెప్పలేదు. దానితో నాలిక తడబడింది. ఓనరు మంచిదన్నాడు. లోపల వత్తులు చేసుకుంటున్న ఆంటీ తలెత్తి నన్ను చూసి నవ్వింది.

అద్దెకున్నవాడు ఓనరు గడపలో నిలబడి ఇంట్లో కార్యక్రమం ఉందని చెబితే అది పిలుపేనని నాకు తట్టలేదు. మా వైపు కూడా అంతే కదా. తట్టాల్సింది.

శనివారం ఆమెకు సెలవు. సాయంత్రం ఐదున్నరకు బల్ల మీద కొత్త దుప్పటి పరిచి, పళ్ళెంలో చాక్లెట్లు పెట్టి, గ్లాసుల్లో వైన్ పోశాను. ఆమె నిద్ర లేచి వచ్చి చూసింది. ఏమిటిదంతా అని అడగలేదు. పళ్ళెం పక్కన పెట్టిన పేపరు ముక్క తీసి చదువుకుంది, నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది. జుట్టు ముడి విప్పి మళ్ళీ వేసుకుంది. పెళ్ళయిన కొత్తలో అలా చేసేది. పాల చాక్లెట్ కొరికి, పిండి వాసనొస్తోందంది. నవ్వింది. అప్పటి నవ్వు కాదిది, నాతో కలిసి నవ్విన నవ్వు. ఇప్పుడు చెప్పేద్దామనుకున్నాను.

బెల్లు మోగింది.

సీసాను కర్టెన్ వెనక్కి తోశాను. తలుపు తీస్తే ఓనరు, వెనక ఆంటీ. ఆంటీ చేతిలో పళ్ళెం. అందులో జాకెట్టు ముక్క, మల్లెపూలు, డజను ఆకుపచ్చ గాజులు. తిన్నగా మా ఆవిడ దగ్గరికి వెళ్ళి గడ్డం పట్టుకుంది.

"గింత మంచి ముచ్చట మాకు సుత దాస్తరా బిడ్డా? మూడో నెల దాక ఎవ్వలకు చెప్పొద్దంటరు, నాకెర్కనే. మీ ఆయన సిగ్గువడుకుంట చెప్తుంటెనే నాకు సమజైంది."

మా ఆవిడ కూర్చున్నచోటే కూర్చుంది. ఆంటీ ఆమె చేతులు లాక్కుని గాజులు ఎక్కిస్తుంటే ఒక్కొక్కటే చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేనే చెప్పాననుకుంటోందని నాకర్థమైంది. కాదని చెప్పాలి. చెప్పాలంటే అసలు కార్యక్రమం ఏమిటో చెప్పాలి. ఓనరు నా పక్కనే కూర్చుని చేదు చాక్లెట్ కొరికి మొహం అదోలా పెట్టాడు. పైసలు పెట్టి చేదు కొంటారా అన్నాడు. గ్లాసుల్లో ఎర్రగా అదేందని అడిగాడు.

ద్రాక్షరసమని చెప్పాను.

ఓనరు తనకు షుగరని వద్దన్నాడు. ఆంటీ మాత్రం ఒక గ్లాసు తీసి మా ఆవిడ చేతికిచ్చింది.

"తాగు బిడ్డా, రక్తం పడ్తది. ఇగ ఆ క్యాబులల్ల తిరుగుడు బంద్ వెట్టు. నౌకరి ఎటువోదు. జెర పైలం."

మా ఆవిడ నా మీంచి చూపు తిప్పకుండా గ్లాసు మొత్తం తాగేసింది. గాజులు గ్లాసుకు తగిలి గలగలమన్నాయి. ఆ శబ్దం ఇప్పటికీ నాకు సరిపడదు.

వాళ్ళు అరగంట కూర్చున్నారు. వెళ్ళాక తలుపు వేసి వచ్చాను. ఆమె గొంతు పెంచలేదు.

"పూణే వెళ్ళకుండా ఆపడానికి ఇంత చేశావా? ఈ ఒక్క అబద్ధమే దొరికిందా నీకు?"

నేను చెప్పలేదని ఒక్కమాట అంటే సరిపోయేది. కానీ ఐదేళ్ళు కలిసి ఉన్న మనిషి నన్ను అడగలేదు, నేరుగా అనేసింది. నోరు తెరిస్తే బయటికొచ్చిన మాట వేరు.

"ఆ రోజు నువ్వు కూడా నవ్వావు."

ఏ రోజని అడిగింది. చెప్పాను. హోటలు, పంచదార, మామిడి రసం, మెడ వంగే స్ట్రా, ఆమె నా గ్లాసు తాగడం, అన్నీ వరసగా చెప్పాను. ఆమె మధ్యలో అడ్డురాకుండా చివరిదాకా వింది. విన్నాక గాజులు తియ్యడం మొదలుపెట్టింది. కొత్త గాజులు, బిగుతుగా ఉన్నాయి. సబ్బునీళ్ళు పెట్టి తీసింది. రెండు విరిగాయి. మిగిలినవి అద్దం దగ్గరి కొక్కేనికి తగిలించి, లోపలికెళ్ళి ల్యాప్‌టాప్ తెరిచింది. సోమవారం దాకా ఆగలేదు.

ఉండిపో అన్న మాట నేను అనలేదు. తర్వాతి నెల ఆమె సామాను సర్దుకుంటున్నప్పుడు కూడా అనలేదు. ఆ నవ్వుకు, ఆ అనుమానానికి ఆమె ఒక్కసారి తప్పయిందంటే అందామని చూశాను. ఆమె అనలేదు. నన్ను రమ్మనీ అడగలేదు. స్టేషన్లో రైలు కదిలేటప్పుడు గ్యాస్ బుక్ చెయ్యమని చెప్పింది.

మెట్లు దిగినప్పుడల్లా ఆంటీ అడిగేది. బిడ్డ ఎట్లున్నది, వాళ్ళమ్మ తోడున్నదా, ఇప్పుడు ఎన్నో నెల. బాగానే ఉందనేవాణ్ణి. నిజం చెబితే సీసా దగ్గర మొదలుపెట్టి చెప్పాలి. ఆంటీయే వేళ్ళ మీద లెక్క పెట్టుకుని ఐదు, ఆరు అనేది. తలూపేవాణ్ణి. తొమ్మిదో నెల గడిచింది. కబురు లేదు, మా ఆవిడ రాలేదు. ఆంటీ అడగడం మానేసింది.

ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి మా గుమ్మం ముందు టిఫిన్ గిన్నె ఉంది. అన్నం, పప్పుచారు, ఇంకా వేడిగా ఉన్నాయి. కిందికెళ్ళి ఎందుకివన్నీ అన్నాను. ఆంటీ నా మొహం చూడలేదు. పోయిన పానం గురించి మగోడు ఎవ్వలతోని చెప్పుకుంటడు, తినుపో బిడ్డా అంది.

తప్పు సరిదిద్దలేదు. పైకొచ్చి ఆ బల్ల దగ్గరే కూర్చుని తిన్నాను. కర్టెన్ వెనక సీసా సగానికి పైగా అలాగే ఉంది. ఎవరూ పుట్టలేదు, ఎవరూ పోలేదు, అయినా అది చావింటికి పంపే అన్నం. మంచినీళ్ళు తాగుతూ మొత్తం తిన్నాను. గిన్నె కడిగి ఇచ్చేశాను. ఆ గాజులు ఇవ్వలేదు. ఇవ్వాలంటే ఏదో ఒకటి చెప్పాలి.