ఊరికే చూస్తారంతే

కుక్కలనూ పిల్లులనూ బల్ల మీద కదలకుండా పట్టుకోవడమే అతని ఉద్యోగం. పెంపుడు జంతువుల ఆసుపత్రిలో అందరికీ అతను బుజ్జగింపుల బాబాయి. "ఏం లేదమ్మా, ఊరికే చూస్తారంతే" అని చెవి దగ్గర గొణిగితే ఎంత పొగరుబోతు కుక్కైనా మెత్తబడి మెడ అప్పగించేది. ఆలోపే సూది దిగిపోయేది.

నిరుడు ఎండల్లో అతనికి నిద్ర కరువైంది. గోడ అవతల ఎవరో తన గురించే మాట్లాడుతున్నట్టు ఉండేది. తనకు ఏదో తేడా చేసిందని అతనికీ తెలుస్తూనే ఉంది. ఒకరోజు అన్నయ్య వచ్చి, "బీపీ చూపించుకోవాలిరా, తోడు రా" అన్నాడు. బావ కారు తోలాడు. వదిన పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుంది. కారు మానసిక వైద్యశాల గేటు ముందు ఆగింది. అతను బిగుసుకుపోతే అన్నయ్య చెవి దగ్గరికి వంగి, "ఏం లేదురా, ఊరికే చూస్తారంతే" అన్నాడు.

ఆ గొంతు తనదే.

లోపల, "మీ అంతట మీరు సంతకం పెడతారా, మనుషుల్ని పిలవమంటారా?" అని అడిగారు. పెట్టాడు. ఇష్టపడి చేరినట్టు రాసుకున్నారు. వెనక తలుపు గడియ పడింది.

మందులు పనిచేశాయి. నిద్ర పట్టింది. కడుపులో మంట మాత్రం చల్లారలేదు. పనిలోకి తిరిగొచ్చాక బుజ్జగించడం మానేశాడు. "సూది వేస్తారు, నొప్పి పుడుతుంది" అని చెప్పి మరీ పట్టుకునేవాడు. చేతులనిండా గోళ్ల గీతలే.

ఓ పొద్దున అన్నయ్య తన కుక్కను ఈడ్చుకుంటూ వచ్చాడు. ఒడిలో చిలక పంజరంతో ఒకావిడా, పిల్లుల బుట్టలతో ఇంకొందరూ బయటి గదిలో తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు.

"పాదం వాచిందిరా. ఎవర్నీ దగ్గరికి రానివ్వడం లేదు. నువ్వైతేనే పట్టుకోగలవు."

అతను చేతులు కట్టుకున్నాడు. "ఆ రోజు నీ బీపీ ఎంతుందన్నయ్యా?"

"ఇప్పుడా గొడవెందుకురా? నీ మంచికేగా చేసింది!"

"మంచి సంగతి కాదు, అబద్ధం సంగతి అడుగుతున్నా."

"నిజం చెబితే వచ్చేవాడివా?"

"వచ్చేవాణ్ణి. అడిగి చూశావా?"

కుక్క మూలిగింది. అతని ప్రాణం విలవిల్లాడింది కానీ, చేతులు విప్పలేదు.

"అబద్ధం చెప్పాన్లే" అని గొణిగాడు అన్నయ్య.

"ఆ చిలక పంజరం అమ్మగారికి వినపడలేదు."

"నాకెందుకు బాబూ మీ ఇంటి గోల!" అంటూనే ఆవిడ చెవులు రిక్కించింది.

"అబద్ధం చెప్పి తీసుకెళ్లాను! మోసం చేశాను! చాలా?" అన్నయ్య అరుపుకి గదిలో పిల్లులన్నీ ఉలిక్కిపడ్డాయి.

అతను వంగి కుక్కను ఎత్తుకుని లోపల బల్ల మీద పెట్టాడు. డాక్టరమ్మ చీము తీసి కట్టు కట్టేదాకా పట్టు సడలనివ్వలేదు.

అన్నయ్య ముఖం తేలికపడింది. "అయిపోయింది కదరా ఇక. రాత్రికి భోజనానికి రా. వదిన ఎదురుచూస్తోంది."

"నీ వంతు అయింది. వదిననీ బావనీ కూడా పంపు, ఒక్కొక్కళ్లనే. కుక్క లేకపోయినా ఫర్వాలేదు" అని చేతులు కడుక్కుని, చిలక అమ్మగారిని లోపలికి పిలిచాడు.