నల్లమట్టి పూత

తడిసిన నల్లరేగడి వాసన తగిలితే ఇప్పటికీ మా చెల్లెలే గుర్తొస్తుంది. అది జుట్టుతో సహా తెల్లగా పుట్టింది. ఎండ తగిలితే ఒళ్లంతా బొబ్బలెక్కేది. ఊరి పిల్లలు "కుంఫిణీ తెల్లదొర బిడ్డ" అని వెక్కిరించేవాళ్లు.

మా మదురై సీమలో పత్తి ఏరడానికి పోయేముందు అమ్మ దాని ముఖానికి, చేతులకు నల్లమట్టి మెత్తేది. మట్టి ఒంటికి ఇంకితే మాలాగే నల్లబడుతుందనుకుని, కడిగాక రోజూ తేరిపార చూసేదాన్ని.

చెంపమీద లేచిన పుండు మానలేదు. దాంతోనే పోయింది. స్నానం చేయించాక అమ్మ మళ్లీ మట్టి కలిపింది.

"కడిగిన ఒంటికి మళ్లీ మట్టేందే?" అని పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఎండలోనే గదక్కా ఎత్తుకపోయేది. పూయనీ," అంది అమ్మ.

పాడె మీద చెల్లెలు నాకంటే నల్లగా కనిపించింది. ఇక ఎవరూ వెక్కిరించరని ఆ వాకిట్లో సంతోషించింది నేనొక్కదాన్నే.