ఓడ ఎక్కని హీరోయిన్

నల్లగండ్లలో మేము కిరాయికున్న ఇంటి ఓనర్ అంకుల్ దగ్గర ఒకే ఒక్క డీవీడీ ఉండేది. పాత హాలీవుడ్ పాటల ప్రేమకథ. శనివారం నాకు ఆఫీసు లేదని తెలిస్తే చాలు, మధ్యాహ్నం కిందికి పిలిచి అదే పెట్టేవారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అయినా ప్రతి పాటకు ముందు రిమోట్ ఎత్తి సినిమా ఆపేవారు.

"జర ఆగు. ఇప్పుడు సూడు, హీరో మెట్ల మీద గంతులేస్తడు."

కూర్చున్నచోటే భుజాలు ఊపి చూపించాక గానీ పాట కదిలేది కాదు.

హీరోయిన్ ఓడ ఎక్కబోయే చోట డిస్కు ఆగిపోయేది. మిగతా కథ ఆయనే చెప్పేవారు. "ఆ పిల్ల ఎక్కదు. ఎనక్కి ఉరికొస్తది. ఇగ పెద్దోళ్లు ఒప్పుకుంటరు, లగ్గమైతది."

హాలీవుడ్‌లో పెద్దవాళ్లను ఎవరు అడుగుతారని నేనెప్పుడూ వాదించలేదు. కానీ నా ఉద్యోగమే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఆగిపోయేదాన్ని చూస్తూ ఊరుకోలేక అదే సినిమాది ఒక కొత్త డిస్కు కొని తీసుకెళ్లాను. అంకుల్ వంటింట్లో టీ పెడుతున్నారు. ఆంటీ నా చేతిలోది చూసి గొంతు తగ్గించారు.

"వద్దు బిడ్డా. మొదటిసారి పెట్టిననాడు ఆయన నడుమల నిద్రవోయిండు, నేను ఆఖరుదాంక సూసిన. ఆ పిల్ల ఓడెక్కి పోతది, మళ్ల రాదు. ఈయన తట్టుకోడని తెల్లారి ఆ డిస్కును గిన్నెలు తోమే పీచుతోని నేనే రుద్దిన."

అంకుల్ టీ తెచ్చి రిమోట్ ఎత్తారు.

"జర ఆగు."

కొత్త డిస్కును సంచిలోకి తోసేసి, ఆగాను.