నాలుగో నంబరు జెర్సీ

మా బాస్కెట్‌బాల్ జట్టులో నాలుగో నంబరు జెర్సీ కెప్టెన్‌ది. ఒకప్పుడు జెర్సీల నంబర్లు నాలుగుతో మొదలై పదిహేనుతో ముగిసేవి. నిబంధనలు మారాక ఏ నంబరైనా వేసుకోవచ్చు గాని, కార్ఖానా బస్తీలోని మా మైదానంలో పాత పద్ధతే నిలిచింది. గత సీజన్ చివర ఆ జెర్సీ ఎవరికి దక్కాలన్న విషయంలో నేను క్లబ్ కమిటీ మొత్తంతో విభేదించాను. ఇప్పటికీ విభేదిస్తూనే ఉన్నాను.

మహిళల జట్టు రెండో డివిజన్‌కు పడిపోయాక సీనియర్లు చాలామంది మానేశారు. పన్నెండు మందిలో తొమ్మిది మంది కొత్తగా చేరిన కాలేజీ అమ్మాయిలు. కెప్టెన్‌కు ముప్ఫై ఏడేళ్లు. మల్కాజ్‌గిరి నుంచి లోకల్ రైల్లో ఆఫీసుకూ, అక్కడి నుంచి తిన్నగా ప్రాక్టీసుకూ వచ్చేది. మోకాలికి పట్టీ చుట్టుకోనిదే కోర్టులో దిగేది కాదు. కొత్తవాళ్లలో ఒక పంతొమ్మిదేళ్ల అమ్మాయి ఉంది. బంతి ఆమె చేతికి వస్తే అందుకోవడం ఎవరి వల్లా కాదు.

కెప్టెన్‌ను తప్పించి, నాలుగో నంబరు ఆ అమ్మాయికిచ్చి, పూర్తిగా యువజట్టును తయారుచేయాలన్నది కమిటీ అధ్యక్షుడి ప్రతిపాదన. నేను ఉద్యోగమంతా ఆడిట్‌లో గడిపి రిటైరై, ఈ జట్టుకు మేనేజరుగా ఉన్నాను. అందుచేత నా మద్దతు ఖాయమనుకున్నారు.

"లెక్కలు మీకు మేం చెప్పాలాండీ? మ్యాచ్‌కి అయిదు పాయింట్లు, ముప్ఫై ఏడేళ్లు. ఇంకేం కావాలండీ?" అన్నారాయన.

ఆమె కోర్టులో ఉన్నంతసేపు మన చేతిలోంచి బంతి ఎన్నిసార్లు పోయిందో, ఆమె బెంచి మీదున్నప్పుడు ఎన్నిసార్లు పోయిందో కూడా చూడమన్నాను. రెండో అంకె మొదటిదానికి రెట్టింపు. ఎవరూ చూడలేదు. ఆఖరి లీగ్ మ్యాచ్ అయ్యాక తేల్చుదామని వాయిదా వేశారు.

ఆ మ్యాచ్ చివరి క్షణాల్లో మేము ఒక్క పాయింటు ముందున్నాం. బంతి ఎదుటి జట్టుది. దాన్ని తెస్తున్న క్రీడాకారిణికి కాపలా మా పంతొమ్మిదేళ్ల అమ్మాయిది. ఫౌల్ అయితే ఫ్రీ త్రోలు ఇచ్చుకోవాలన్న భయంతో ఆమె వెనక్కి జరుగుతూ పోయింది. నిజానికి ఒక క్వార్టర్‌లో నాలుగు టీమ్ ఫౌళ్ల దాకా, షాట్ వేసేవాళ్లను అడ్డుకుంటే తప్ప, ఫ్రీ త్రోలు రావు. కెప్టెన్ ఒక్కసారి ఫౌళ్ల లెక్క చూపించే స్కోరర్ల టేబుల్ వైపు చూసింది.

"ఎనకకెందుకు పోతున్నవే? మూడే అయినయ్. బంతి మీద చెయ్యెయ్యి!"

ఆ అమ్మాయి చెయ్యి వేసింది. విజిల్ పడింది. ఎదుటివాళ్లు మళ్లీ పక్కగీత నుంచి ఆట మొదలుపెట్టాల్సి వచ్చింది. అప్పటికి సమయం దాదాపు అయిపోయింది. తొందరలో వేసిన షాట్ రింగుకు తగిలి బయటపడింది.

గెలిచినందుకు కమిటీ మిఠాయిలు పంచింది గాని, మనసు మార్చుకోలేదు. ఒక్క ఫౌల్‌కి కెప్టెన్సీ ఉంచేస్తామా అని అధ్యక్షుడు నవ్వారు. ఆ ఒక్క ఫౌల్ చేయాలని తెలిసినవాళ్లు కోర్టులో ఎంతమంది ఉన్నారో చెప్పమన్నాను.

తనను తప్పించబోతున్నారని కెప్టెన్‌కు అప్పటికే తెలుసు. బూట్లు విప్పుకుంటూ, నాలుగో నంబరు ఆ పిల్లకే ఇమ్మని, తనకు పదిహేనైనా చాలని నాతో చెప్పింది. బెంచి మీద కూర్చుంటుందట, ఆఖర్లో పిలిస్తే చాలట. పక్కనే నీళ్లు తాగుతున్న అమ్మాయి సీసా దించింది.

"నాకొద్దక్కా. ఉరుకుడు వస్తది గని, టేబుల్ దిక్కు సూసుడు నాకింకా రాలే."

"మోకాలు ఖరాబైంది నాది. నువ్వు ఉరుకు, నేను సూస్త. నంబర్‌తోని ఏముంది?"

"అయితే నువ్వే ఏస్కో."

కెప్టెన్ మోకాలి పట్టీ విప్పడం మొదలుపెట్టింది. మొదటి అయిదుగురిలో ఆ అమ్మాయి దిగాలనీ, ఆట బిగిసినప్పుడు కెప్టెన్ రావాలనీ నేను అక్కడే నిర్ణయించాను. మర్నాడు రెజిమెంటల్ బజార్‌లో కొత్త జెర్సీల మీద నంబర్లు వేయించాను. నాలుగు మీద కెప్టెన్ పేరు దగ్గరుండి అచ్చు వేయించాను.

కొత్త సీజన్ జట్టు వివరాలు కమిటీకి పంపే బాధ్యత నాదే. పునరాలోచించమని రెండుసార్లు కబురు వచ్చింది. ఆలోచించే పంపాను. కెప్టెన్ పేరు పైన ఉంది. వయసు ఎదురుగా ముప్ఫై ఏడు అని అంకెల్లోనూ, అక్షరాల్లోనూ రాశాను. ఆడిట్‌లో ఎవరూ దిద్దకూడని మొత్తాన్ని అలాగే రాసేవాళ్లం.