ప్లీడరు గారి కారులో నేను బిగించిన మీటరు

ఈ బరువు యాభై ఏళ్లకు పైగా నా గుండెల మీద ఉంది. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. పని నేర్పిన ఉస్తాద్‌కీ చెప్పలేదు, ఆయన వినకుండానే పోయాడు. మీరు నాకేమీ కారు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. నా మూలంగా ఒక మనిషి చెయ్యి కాలింది. పొరపాటున కాదు. కావాలనే చేశాను.

అరవై తొమ్మిదిలో నేను నారాయణగూడలో ఒక షెడ్డులో మెకానిక్‌ని. అశోక్‌నగర్‌లో ఒక ప్లీడరు గారు ఉండేవాడు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడినాయన. తన రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారును మా దగ్గరే బాగు చేయించుకునేవాడు. పెళ్లాం కన్నా ఆ కారునే ముద్దుగా చూసుకుంటాడని చిక్కడపల్లి హోటల్లో చాయ్ తాగుతూ నవ్వుకునేవాళ్లం. అంతకుముందు ఏడు ఆ కారు డ్యాష్‌బోర్డులోంచి గడియారం పోయింది. నేనే తీశానని షెడ్డు ముందు, నలుగురూ చూస్తుండగా, ఆయన నన్ను చెంప మీద కొట్టాడు. ఉస్తాద్ తల దించుకున్నాడు. నేను దొంగను కానని ఒక్కరూ అనలేదు.

అరవై తొమ్మిదిలో ఊరంతా స్థానికులు, బయటివాళ్లు అని గొడవలు. నా పగను కూడా అందులో కలిపేసి చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉండేది. ఇప్పుడింకా అబద్ధం ఎందుకు? ఆయన మా పక్కింటివాడైనా నేను అదే చేసేవాణ్ణి.

ఒకరోజు పొద్దున ఆయన కారు తెచ్చి, ఇంజను వేడి చూపించే మీటరు కోఠిలో కొన్నానని, బిగించమని చెప్పి కోర్టుకు వెళ్లిపోయాడు. ఆ కారుకు అలాంటి మీటరు లేదు. నీళ్లేమో తొందరగా మరిగేవి. అందుకని దారిలో ఆగినప్పుడల్లా ఆయన బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు. చుర్రుమంటే చల్లబడేదాకా ఆగి, అప్పుడు రేడియేటర్ మూత తీసి నీళ్లు పోసేవాడు. ఉస్తాద్ ఆయనకు నేర్పిన పద్ధతి అది.

పని మొదలుపెడదామని సీట్లో కూర్చున్నాను. నా ముక్కుకు ఎదురుగా గడియారం. దాని చోట అది ఉంది, టిక్కు టిక్కుమంటూ.

ఎప్పుడు దొరికింది? ఆయన బావమరిది రిపేరుకిచ్చి చెప్పడం మరిచిపోయాడని తర్వాత ఎవరో అన్నారు. సరే, దొరికింది. వచ్చి ఒక్క మాట చెప్పొచ్చు కదా? నిన్ను అనవసరంగా కొట్టానయ్యా అంటే ఆయన నోటి ముత్యాలు రాలిపోయేవా?

మధ్యాహ్నం దాకా ఆ గడియారం పక్కనే డ్యాష్‌బోర్డుకు చిల్లు పెట్టాను. తర్వాత మీటరు అద్దం ఊడదీసి, ముల్లు పీకి, నాలుగు గీతలు కిందికి గుచ్చి, అద్దం మళ్లీ బిగించాను. ఇంక నీళ్లు కుతకుత ఉడికినా అది గోరువెచ్చగా ఉన్నాయనే చూపిస్తుంది. ఇంజను పాడవాలి, ఆయన ఏడవాలి, అంతే అనుకున్నాను. మనిషికి తగులుతుందని తట్టలేదా? ఈ ప్రశ్న నాకు నేను ఎన్నిసార్లు వేసుకున్నానో, ప్రతిసారీ తట్టలేదనే జవాబు చెప్పుకుని కూడా దాన్ని నేనే నమ్మలేక ఎన్నిసార్లు లేచి తిరిగానో నాకే తెలుసు. తట్టకపోతే సాయంత్రం ఆ మాట ఎందుకన్నాను?

సాయంత్రం ఆయన వచ్చి మీటరును మురిపెంగా చూసుకున్నాడు.

"అయితే ఇంక చేత్తో చూసుకునే బాధ తప్పినట్టేనా?" అన్నాడు.

"తప్పినట్టే సార్. ఇగ చెయ్యి పెట్టి చూసుడెందుకు? ముల్లు చూస్తె సాలు."

ఆదివారం ఆయన బంజారాహిల్స్ ఎత్తు ఎక్కి ఆగాడు. ముల్లు చూశాడు. బానెట్ ఎత్తి, నేరుగా మూత తిప్పాడు. మరిగే నీళ్లు ఎగదన్ని కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. నన్ను కొట్టిన చెయ్యి. కబురు తెలిసినప్పుడు నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది. ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను. కారును షెడ్డుకు లాక్కొచ్చాక, ఎవరూ చూడకుండా ముల్లును సరిచేసేశాను.

నెల తర్వాత ఆయన కట్టుతో వచ్చాడు. తిడతాడనుకున్నాను.

"తప్పు నాదేనయ్యా. అలవాటు ప్రకారం చెయ్యి పెట్టి చూసుంటే సరిపోయేది," అన్నాడు.

"అవును సార్. జర చూస్కోవాలె గద," అన్నాను.

అప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచి అన్నది అదీ! ఆయన వేళ్లు తర్వాత పూర్తిగా చాచడానికి రాలేదు. కాగితాల మీద ఎడమచేత్తో సంతకం పెట్టడం నేర్చుకున్నాడు. కారు మాత్రం నాకు తప్ప ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు. ఎన్నో ఏళ్లు నా దగ్గరే బాగు చేయించుకున్నాడు. పోయేదాకా గడియారం మాట ఆయనా ఎత్తలేదు, ముల్లు మాట నేనూ ఎత్తలేదు. గడియారం దొరికిందని ఎందుకు చెప్పలేదని ఆయన్ని అన్నేళ్లు తిట్టుకున్నాను. నేను ఎందుకు చెప్పలేదో, ఆయనా అందుకే చెప్పలేదు.

జాలి పడమని అడగడం లేదు. ఆ చెంపదెబ్బ తలుచుకుంటే ఇప్పటికీ నాకు మండుతుంది. ఆయన చెయ్యి ఇంకా ఎక్కువ మండి ఉంటుంది. ముల్లు కిందికి గుచ్చింది నేనే. చెయ్యి పెట్టి చూడొద్దని చెప్పిందీ నేనే. ఇంతవరకు ఈ రెండు మాటలు ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు అన్నాను.