సుహాసిని అనే మనిషి లేదు

సుహాసిని అనే మనిషి లేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు ఏడేళ్లు పట్టింది.

ఎవరికి చెప్పుకోవాలో తెలియక మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనివ్వను. మా ఆయనకు కూడా ఇది చెప్పలేదు. చెబితే నవ్వేస్తాడు. వాట్సాప్ గ్రూపులో జరిగినదానికి ఏడేళ్లు కుమిలిపోయేవాళ్లు ఉంటారా అంటాడు. ఉంటారు, నేనున్నాను. ఎవరి సొమ్మూ తినలేదు, ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. ఒక పెద్దావిడ నోరు మూయించాను. అది కూడా ఎంతో మర్యాదగా, నియమాల ప్రకారం, చివర నమస్కారం బొమ్మ పెట్టి మరీ మూయించాను.

మేముండేది ఇబ్రహీంపట్నం. ఆదిభట్లలో కంపెనీలు వచ్చి, సాగర్ రోడ్డు పొడుగునా ప్లాట్ల జెండాలు ఎగురుతున్న రోజులవి. కొత్తగా ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్లకూ మిద్దె మీద నాలుగు కుండీలు పెట్టాలన్న సరదా. నాకూ ఉండేది. రోజూ కంపెనీ బస్సెక్కి ఆదిభట్లలో ఆఫీసుకు వెళ్లివచ్చేదాన్ని, మిగిలిన టైమంతా మిద్దె మీదే. మాలాంటివాళ్ల కోసం వాట్సాప్‌లో మిద్దెతోటల గ్రూపు ఒకటి పెట్టాను. అప్పట్లో ఒక గ్రూపులో రెండు వందల యాభై ఆరు మందికే చోటు. ఏడాది తిరక్కుండానే నిండిపోయింది. ఎవరైనా పోతే చోటిమ్మని అడిగేవాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకున్నాను.

గ్రూపు నడపడమంటే మొక్కల గురించి మాట్లాడుకోవడం అనుకుంటారు. కాదు. మొక్కల గురించి కాని వాటిని ఏరిపారేయడం. పొద్దున లేవగానే శుభోదయం బొమ్మలు, తర్వాత దేవుళ్లు, తర్వాత ప్లాట్ల ప్రకటనలు. ఎన్నికలొస్తే రెండు జట్లనూ విడదీయాలి. నియమం ఒకటే పెట్టాను: మొక్కలు తప్ప ఇంకేదీ వద్దు, ఎవరినీ వెక్కిరించవద్దు. మొదటిసారి హెచ్చరిక, రెండోసారి తొలగింపు. బస్సు కిటికీ పక్కన కూర్చుని బొటనవేలితో ఆ పనే చేసేదాన్ని. నా అంత నిక్కచ్చి మనిషి లేదని పేరొచ్చింది. ఆ పేరు నాకు బాగా రుచించింది. ఎందుకు అబద్ధమాడాలి?

సుహాసిని సంగతి. గ్రూపు పెట్టిన మొదటి నెలల్లో ఎవరూ నోరు విప్పేవాళ్లు కాదు. అందరూ చూసేవాళ్లే, అడిగేవాళ్లు లేరు. మా ఆయన పాత నంబరు ఒకటి ఖాళీగా ఉంటే, దాన్ని సుహాసిని పేరుతో చేర్చాను. ఆమె మన్నెగూడలో ఉంటుంది, ఇద్దరు పిల్లలు, ప్రతిదానికీ అండీ అంటుంది. తన మిరప ఆకులు ముడుచుకుపోతున్నాయని ఆమె అడిగేది, అడ్మిన్‌గా నేను జవాబు చెప్పేదాన్ని. నా ప్రశ్నకు నేనే జవాబిచ్చి, సుహాసినితో థాంక్స్ చెప్పించుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం అందులో తప్పేమీ కనిపించలేదు. గ్రూపు మాటల్లో పడింది, సుహాసిని అందరికీ నచ్చింది. ఆమె పాత్ర అక్కడితో అయిపోతే ఇది రాసే అవసరమే ఉండేది కాదు.

తర్వాత అంజమ్మ వచ్చింది. యాచారం దగ్గర ఊరు. కూతురు నర్సు, ఆ అమ్మాయే తల్లిని చేర్చమని అడిగింది. వాళ్లకున్న రెండెకరాలూ భూసేకరణలో పోయాయి. భర్తకు పక్షవాతం, మంచంలోనే. ఆయన పక్కన కూర్చుని ఆమె రోజంతా ఫోన్ వినేది. చదువు లేదు కాబట్టి రాయదు, వాయిస్ పెడుతుంది. ఒక్కో వాయిస్ ఆరు నిమిషాలు, ఏడు నిమిషాలు. ఎవరో చిక్కుడు తీగకు పేనుబంక పట్టిందంటే, తమ చేను ఎక్కడుండేదో, గట్టు మీద ఏమేం పెట్టేవాళ్లో, ఒక ఏడాది వాన ఎట్లా ముంచిందో అంతా చెప్పి, మధ్యలో కోడిని అదిలించి, ఆఖరున పొద్దున్నే మంచు తడి ఆరకముందే ఆకుల మీద పొయ్యి బూడిద చల్లమనేది. వాళ్లు చల్లేవాళ్లు. పురుగు పోయేది.

నేను వేపనూనె ఎంత, నీళ్లెంత అని కొలతలతో పేజీలు రాసేదాన్ని. వాటికి రెండు మూడు బొటనవేలి బొమ్మలు వచ్చేవి. ఆమె వాయిస్ రాగానే నలభై మంది. ఎవరైనా ఏదైనా అడిగితే, అంజమ్మ ఏమంటుందో చూద్దాం అనడం మొదలైంది. కుళ్లుకున్నాను. ఈ మాటకు ఇంకో మంచి పేరేదైనా ఉందేమోనని ఇన్నేళ్లూ వెతికాను. లేదు.

కానీ కుళ్లు ఒక్కటే అయితే దాన్ని మింగేసేదాన్నేమో. ఇంకోటుంది. ఆమె మాట అచ్చం మా అమ్మ మాట. మా పుట్టిల్లు కూడా ఆ దిక్కే, యాచారం అవతల ఊరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను నోరు తెరిస్తే పక్క సీట్లో అమ్మాయి నవ్వింది. ఆ రోజే నా మాట మార్చేసుకున్నాను. ఆఫీసులో, గ్రూపులో, చివరికి పిల్లలతో కూడా ఇలా అచ్చు పుస్తకాల మాటలే. అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు మాత్రమే నా మాట నాకు తిరిగొచ్చేది. అంజమ్మ వాయిస్ వింటుంటే నేను దాచిపెట్టుకున్నదేదో మైకులో వినిపిస్తున్నట్టుండేది.

నెలకొక ఆదివారం పొద్దున మన్నెగూడలో ఒక ఫంక్షన్ హాలు ఆవరణలో కలిసి విత్తనాలు పంచుకునేవాళ్లం. కాగితం పొట్లం మీద విత్తనం పేరు రాసి, ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకోవడం. అంజమ్మ ఒకసారి వచ్చింది. ఆమె పొట్లాల మీద పేర్లుండవు, చేత్తో తడిమి చెబుతుంది. అప్పుడే అమ్మ ఫోన్ చేస్తే గోడ పక్కకు వెళ్లి మాట్లాడాను. వెనక్కి తిరిగేసరికి ఆమె నిలబడి నవ్వుతోంది. ఆ నవ్వులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. ఇప్పుడు తెలుస్తోంది. ఆ క్షణంలో నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు ఆమె వాయిస్‌లో, మన అడ్మిన్ బిడ్డ మా దిక్కు పిల్లనే అని సంబరంగా చెప్పింది. దాని కింద, అందరికీ కుండీలు తెప్పించే ఒకాయన ఆమె గొంతును అనుకరిస్తూ ఇంకో వాయిస్ పెట్టాడు. అడ్మిన్ గారు ఇన్నాళ్లూ మాకు చెప్పలేదే అని చివర్లో చురక. నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి. వెక్కిరించినవాళ్లకు హెచ్చరిక అన్న నియమం రాసింది నేనే. ఆ ఒక్క లైను టైపు చేసి ఆయనకు పంపితే సరిపోయేది. ఎందుకు పంపలేదు? పంపితే, ఆమె వైపు నిలబడినట్టు. ఆమె వైపు నిలబడితే, నిజంగానే ఆమె దిక్కు పిల్లనైపోతాను. నాకు అంత భయం దేనికో ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

రెండు రోజుల తర్వాత, చాలా కాలంగా మాట్లాడని సుహాసిని గ్రూపులో ఒక మెసేజ్ పెట్టింది. ఎవరినీ నొప్పించాలని కాదండీ అంటూ మొదలుపెట్టింది. ఇంట్లో చిన్నపిల్లలు వింటున్నారనీ, కొన్ని వాయిస్‌లలో మాట తీరు కాస్త ఇబ్బందిగా ఉందనీ, మొక్కల సంగతి తక్కువ, ఇంటి సంగతులు ఎక్కువ అనీ రాసింది. ఆ మెసేజ్ నేను బస్సులో మూడుసార్లు దిద్దాను. అరగంట ఆగి, ఈసారి అడ్మిన్‌గా, సభ్యుల ఫిర్యాదు మేరకు ఇకపై వాయిస్‌లు నిషేధమని ప్రకటించాను. మంచి నిర్ణయం అన్నారు. వెక్కిరించిన ఆయన అందరికంటే ముందు అన్నాడు.

అంజమ్మకు ఆ ప్రకటన ఎవరు చదివి వినిపిస్తారు? నేను ఆలోచించలేదు. కాదు, ఆలోచించాను. మర్నాడు ఎవరో బెండ పూత రాలుతోందంటే ఆమె మామూలుగానే వాయిస్ పెట్టింది. హెచ్చరించాను, అదీ రాతలోనే. సాయంత్రం ఇంకోటి పెట్టింది. తొలగించాను. గంటలో ఆ చోట్లోకి ఫ్రిజ్ మీది కాగితంలో మొదటి పేరు చేరింది.

తర్వాతి విత్తనాల ఆదివారం ఆమె ఫంక్షన్ హాలు గేటు బయట నిలబడి ఉంది. లోపలికి రావచ్చో లేదో తెలియక ఆగిందట. జరిగిందంతా కూతురు చదివి చెప్పిందట. అరుస్తుందేమోనని నేను గబగబా బయటికి వెళ్లాను, లోపలివాళ్లు వినకుండా.

"గా సుహాసినమ్మ ఎవరు బిడ్డా? జర చూపియ్యి."

ఆమె ఇవాళ రాలేదన్నాను.

"కొట్లాటకు రాలే నేను. నా మాటతోని ఆమె పిల్లలకు ఏమన్న చెడ్డ అయిందేమో, తప్పయిందని చెప్పిపోదమని వచ్చిన. ఏం మాట అన్ననో గదొక్కటి చెప్పుమను. ఇంట్ల కూసొని అన్ని యాది చేస్కున్న. నాకైతే ఎర్కయితలేదు."

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. పొద్దున పది గంటల ఎండలో, మేమిద్దరమే ఉన్నాం. నేనేమన్నానో తెలుసా?

"సుహాసిని గారు ఊరు మారిపోయారండీ. గ్రూపులోంచి కూడా వెళ్లిపోతున్నారు."

ఆమె మొహంలో చిన్న ఆశ కనబడింది. నేను ఊహించని ఆశ.

"అయితే ఆమె పోతుంది గద. ఆమె జాగల నన్ను తీస్కో బిడ్డా. నేను మాట్లాడ. ఊకనే వింట. ఆయన మంచంల, భూమి లేకపాయె, ఏం జెయ్యాలె పొద్దంత? మీరు మొక్కల ముచ్చట పెట్టుకుంటుంటే వింట. నోరు తెరువ, ఒట్టు."

మా ఊళ్లో అయితే ఆమెను అవ్వా అని పిలిచేదాన్ని. "చూస్తాను అంజమ్మగారూ" అన్నాను. ఆమెకు అర్థమైంది. అవ్, నీ ఫికర్ నీకుంటది అని నెమ్మదిగా అని, కొంగు సర్దుకుని, యాచారం ఆటోల వైపు నడిచింది. నేను లోపలికి వచ్చి విత్తనాలు పంచాను.

ఆడిన అబద్ధం నిజం చెయ్యాలి కదా. ఆ రాత్రి సుహాసిని చేత సెలవు తీసుకుంటున్నానని రాయించి ఆమెను బయటికి పంపాను. వెళ్లొద్దని యాభై మంది దాకా రాశారు. మీలాంటి మర్యాదస్తులు అరుదు అన్నారు. అంజమ్మ పోయినప్పుడు ఒక్కరు కూడా ఆమె ఏదీ అని అడగలేదు. అడగలేదని వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు. కానీ ఆ తేడా నేను చూశాను. చూసి కూడా సుహాసిని చోటును ఇంకెవరికో ఇచ్చేశాను.

గ్రూపు ఇంకా నడుస్తోంది. ఇప్పుడు చోటుకు కొదవ లేదు, నాలుగింతల మంది ఉన్నారు. శుభోదయాలు లేవు, కొట్లాటలు లేవు. ఒక వార్షికోత్సవానికి శాలువా కప్పి, ఇంత పద్ధతైన గ్రూపు ఇంకోటి లేదన్నారు. పద్ధతి ఎలా వచ్చిందో నాకు తెలుసు. గోల చేసేవాళ్లను ఆపడం కష్టం. గోల ఎవరి గురించో ఆ మనిషిని తీసేయడం తేలిక. ఆ తర్వాత ఇంకెవరినైనా అలా తీసేశానా అని ఒక్కోసారి లెక్కపెట్టుకోబోతాను. మధ్యలో మానేస్తాను. అలసిపోయాను.

పోయిన నెల ధైర్యం చేసి అంజమ్మ నంబరుకు ఫోన్ చేశాను. కూతురు ఎత్తింది. తండ్రి పోయి నాలుగేళ్లయిందట. అమ్మ ఉంది, బాగానే ఉంది, కానీ ఫోన్లో మాట్లాడదట. చుట్టాలు చేసినా కూతురి చేతికే ఇచ్చేస్తుందట. ఏదన్న తప్పు మాట దొర్లుతదేమోనని అమ్మకు భయం అని ఆ అమ్మాయి మామూలుగా, చిరాకేమీ లేకుండా చెప్పింది. ఏమన్నా చెప్పాలా అని అడిగింది. ఏమీ లేదు, ఊరికే చేశానన్నాను. మళ్లీ అదే నేను.

అంజమ్మ పెట్టిన వాయిస్‌లు నా దగ్గర నలభై ఏడు ఉన్నాయి. ఫోన్లు మారినా వాటిని తుడిచెయ్యలేకపోయాను. ఆ ఫోన్ తర్వాత, నాలుగు రోజులు బస్సులో కూర్చుని మొదటినుంచి చివరిదాకా విన్నాను. ఆమె ఏ మాట అన్నదో నేనూ వెతికాను. చేను ఉంది, కోళ్లు ఉన్నాయి, ఆయన దగ్గు ఉంది, బిడ్డా అన్న పిలుపు లెక్కలేనన్నిసార్లు ఉంది. తప్పు మాట ఒక్కటి కూడా లేదు. ఇది చెప్పాల్సింది ఆమెకు. మీకు చెబుతున్నాను. దీంతో ఆమెకు ఒరిగేదేమీ లేదని తెలుసు. అయినా ఇది రాసిన ఈ పూట నాకు కాస్త ఊపిరాడుతోంది. అందుకు సిగ్గుగానే ఉంది.